పంకజాక్షి రాసిన పట్టిక

రేణిగుంట,
12-6-1984

బావగారికి నమస్కారాలు.

మీ మేనకోడలు పంకజాక్షి అటవీ ఆఫీసులో గుమాస్తా కదా, మూడేళ్ల కేసుల రిజిస్టర్లన్నీ చదివి ఒక పట్టిక రాసింది. కట్టెలమోపుతో దొరికిన ఆడవాళ్లు నూట తొంభైమంది. అందరికీ జరిమానా పడింది. దొరికిన ఎర్రచందనం లారీలు తొమ్మిది. ఒక్క కేసూ కోర్టుకు పోలేదు.

"ఉజ్జోగం పోతాదమ్మా, చించేయి" అని బతిమాలాను. వినలేదు. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు చేతికే ఇచ్చింది.

"ఎవరు రాయమన్నారు?" అన్నాడట ఆయన.

"ఎవురూ అన్లేదు సార్. రిజిస్టర్లో ఉండేదే రాసినాను."

నిన్న ఆ తొమ్మిది కేసులూ కోర్టుకు పంపారు. పిల్లను మీ పలమనేరుకు బదిలీ చేశారు. సోమవారం బస్సుకు వస్తుంది, మీ ఇంట్లోనే ఉంచుకోండి. జాగ్రత్తగా ఉండమని మాత్రం చెప్పకండి బావా. నేను చెప్పి సిగ్గుపడ్డాను.