మూసిన కుళాయిలో మంచినీళ్లు

విద్యాశాఖాధికారి గారి సమక్షమునకు ఏడో తరగతి లెక్కల మాస్టారు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా బడి గేటు పక్క కుళాయిని తక్షణమే మూయించుట గురించి.

1. లెక్కలు, సైన్సు, సోషలు కలిపి పిల్లలచేత కంప్యూటరులో డేటాబేస్ తయారు చేయించవలెనని తమరే ఉత్తర్వు ఇచ్చియున్నారు. ఆ ప్రకారం మా పిల్లలు రోజూ బడిలోని నాలుగు కుళాయిల నీళ్లు గ్లాసులో పట్టి, రంగు, వాసన చూసి పట్టికలో ఎక్కించారు. ఎవరు ఏ కుళాయి నీళ్లు తాగారో, ఎవరు కడుపునొప్పితో బడి మానేశారో పక్కనే ఎక్కించారు. రెండు నెలలకు ఆ పట్టిక గేటు పక్క కుళాయిని పట్టిచ్చింది. హెడ్‌మాస్టారు అదే రోజు దానికి బిరడా కొట్టించారు. కడుపునొప్పులు ఆగిపోయాయి.

2. మూసిన కుళాయికి పరీక్షేముంటుంది? అది మూసి ఉన్న నలభై ఒక్క రోజుల గడులూ పిల్లలు ఖాళీగా వదిలి, పట్టికను తమ కార్యాలయానికి పంపారు. అక్కడ ఖాళీ గడి ఉండరాదట! తమ గుమాస్తా గారు నలభై ఒక్కింటిలోనూ "బాగుంది" అని నింపారు. అడిగితే, "ఖాళీలుంటే సార్ ఊరుకోరండీ. బాగుందంటే ఎవరికి నష్టం?" అన్నారు. ఆహా, ఏం బుర్ర!

3. ఆ "బాగుంది"లను లెక్కగట్టి, కుళాయి నిక్షేపంగా ఉన్నదని, తెరవవలెనని తమరు సంతకం గీకారు. చుక్క రాని కుళాయిలో నీళ్లు బాగున్నాయని నమ్మడానికి ఎంత చదువు కావాలో నాకు తెలియదు. మా ఏడో తరగతి చదువు మాత్రం చాలదు.

4. తెరిచిన నాలుగో రోజున, ఆ పట్టిక ఎక్కించిన పిల్లే వాంతులతో ఆసుపత్రి పాలైంది. "అన్నీ తెలిసి ఎందుకు తాగావే తల్లీ?" అన్నాను. "పెద్ద సార్ సంతకం పెట్టారుగా మాస్టారూ, బాగుచేశారేమో అనుకున్నా" అంది. నాకు ఏడుపొచ్చింది. తమరి మీద ఒళ్లు మండింది.

5. తెరవమని తమ ఉత్తర్వు ఉండగా, మళ్లీ తమ సంతకం లేనిదే దాన్ని మూయడానికి హెడ్‌మాస్టారి చెయ్యి కదలదు. అందుచేత పాఠాలు మానుకుని కుళాయి దగ్గర నేనే కాపలా కాస్తున్నాను.

కావున ఆ ఉత్తర్వును ఈరోజే రద్దుచేయవలెనని, తీరిక లేకపోయినా చిత్తగించవలెనని కోరుచున్నాను.

ఈ ఒక్క కాగితం వరకు తమ విధేయుడు,
లెక్కల మాస్టారు

తా.క. దీనితోపాటు ఆ కుళాయి నీళ్లు ఒక సీసాడు పంపుతున్నాను. పిల్లలు పట్టికలో కొత్త గడి చేర్చారు: "అధికారి గారు తాగాక ఎలా ఉంది?" అది ఇంకా ఖాళీగానే ఉంది. "బాగుందని నింపేద్దామా మాస్టారూ?" అని అడిగారు. వద్దు, ఆయన తాగేదాకా ఆగుదామన్నాను.