గొలుసు తీయకు

అలోయిస్ అన్నయ్యకి,

నీ చీటీ అందింది. నేను గుమ్మానికి కట్టిన చీపురు విప్పేస్తే, నా గుమ్మం పక్కనే నీ ద్రాక్షతోట దారికి అడ్డంగా బిగించిన గొలుసు నువ్వు తీసేస్తానన్నావు. విప్పను. ఈ ఇంట్లో సొంత వైన్ పోస్తారని దారినపోయేవాళ్లకి చెప్పే చీపురది. ఏడాదికి నాలుగు నెలలు కట్టుకునే హక్కు నాన్నకుండేది, నాకూ ఉంది.

పండిన గుత్తులు కోసుకుపోతారని గొలుసు కట్టానన్నావు. కోతల ముందు తోటలు మూసే ఆచారం నాకూ తెలుసు. నువ్వు మూసింది ఏప్రిల్‌లో. అప్పటికి తీగకి ఆకే లేదు!

ఒక్కటి ఒప్పుకుంటాను. ఇదివరకు సైకిళ్లవాళ్లు ఈ వాలులో రివ్వున మోజెల్ నది ఒడ్డుకి దూసుకుపోయేవాళ్లు. చీపురు ఎవరి కంటా పడేది కాదు. ఇప్పుడు నీ గొలుసు దగ్గర అందరూ దిగుతున్నారు. దిగినవాళ్లకి దాహం వేస్తోంది. నడిచొచ్చేవాళ్లయితే తడిసిన కోట్లు ఆ గొలుసుమీదే ఆరేసుకుంటున్నారు. బల్లలు చాలక పాత పీపాలు బోర్లించి వేశాను.

మొన్న ఆదివారం కింద నుంచి వచ్చిన ఒకావిడ సైకిలెత్తి గొలుసు దాటించింది. చూద్దును కదా, మన వాల్బుర్గ వదిన! రెండు గ్లాసులు తాగి, "మీ అన్నయ్యతో అనకే తల్లీ, ఈ ఏడు ఆయన వైన్ పులుసులా ఏడ్చింది" అంది. అననని మాటిచ్చాను. అనలేదు, రాశానంతే.

చీపురు ఇక్కడే ఉంటుంది. గొలుసు కూడా ఉండనీ. తీశావో, కొత్తది కొనుక్కొచ్చి నేనే కడతాను.

నీ చెల్లెలు