నా కడుపు నాదేనని అంగీకరించవలసినదిగా

గౌరవనీయులైన శ్రీ పట్టాభిరామయ్య గారి సముఖమునకు,
సంక్షేమాధికారి, సహాయ నటీనటుల ఆరోగ్య సహాయ విభాగం, ఫిలింనగర్.

రహమత్ నగర్ నివాసియు, గుర్తింపు కార్డు గల జూనియర్ ఆర్టిస్టును, భోజనాల సీన్లలో అనుభవజ్ఞుడును అగు పోచయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రెండవసారి ఎండోస్కోపీ చేయించుకొనుటకు అనుమతి పత్రం కోరగా, మొదటి ఎండోస్కోపీ ఫోటోలలో నా ముఖము కనబడలేదని రెండుసార్లు తిరస్కరించిన సంగతి గురించి.

1. నేను గత ఇరవై రెండు సంవత్సరములుగా తెలుగు చిత్రములందు భోజనము చేయుచున్నాను. పెళ్లి పంక్తి కానీ, తద్దినం కానీ, ఎన్నికల విందు కానీ, హీరోగారి వెనుక మూడవ విస్తరి నాదే. టేకు టేకుకూ నోట్లోది ఉమ్మివేయుటకు బల్ల కింద బకెట్టు పెట్టుట మా పనిలో ఆనవాయితీ. మిగతా వారు ఉమ్మెదరు, నేను మింగెదను. చిన్నప్పుడు అన్నం ఉమ్మితే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. ఆ భయం ఇంకా పోలేదు. దసరా ముందు ఒక పెళ్లి సీనులో హీరోగారికి డైలాగు పద్నాలుగుసార్లు తప్పినది. నాకు పద్నాలుగు బూరెలు పడినవి.

2. ఆ రాత్రి నుండి కడుపులో మంట. చెప్పుటకు సిగ్గుగా నున్నను, మూడవ రోజు విరేచనము తారువలె నల్లగా అయినది. నా భార్య నీలమ్మ నన్ను ఆటోలో వేసి బంజారా హిల్స్‌లోని ఒక ఆసుపత్రికి తీసుకుపోయినది. డాక్టరు మంజులత గారు పొట్ట నొక్కి చూసి, "ఇది పైనుంచి చెప్పేది కాదు, లోపలికి కెమెరా పంపి చూడాలి" అన్నారు. కెమెరా అన్న మాట వినగానే నాకు ధైర్యం వచ్చినది. మన ఇండస్ట్రీయే కదా అనుకున్నాను.

3. పరగడుపున రమ్మన్నారు, పోయినాను. గొంతులో మొద్దుబారే మందు కొట్టి, ఎడమవైపు పడుకోబెట్టి, చివర లైటూ కెమెరా ఉన్న చిటికెన వేలంత గొట్టం చూపి, "ఎదురుగా టీవీలో కనబడుతుంది, చూస్తారా?" అని అడిగినారు. షాటు జరుగుతుండగా అటూ ఇటూ చూడరాదని నాకు ఇరవై రెండేళ్ల శిక్షణ గదా, గోడవైపే చూసినాను. మధ్యలో రెండుసార్లు డోకు వచ్చినది. గొట్టం తీసిన వెంటనే, "సారీ మేడం, వన్ మోర్ అనుర్రి, ఈసారి మంచిగ చేస్తా" అన్నాను. ఆమె నవ్వు ఆపుకుని, "ఒక్కసారి చాలు బాబూ, అన్నీ వచ్చేశాయి" అన్నారు. నా జీవితంలో ఒకే టేకులో ఓకే అయిన షాటు అదొక్కటే.

4. ఒక కాగితం మీద నాలుగు రంగుల ఫోటోలు ఇచ్చినారు. మూడింటిలో కడుపు గోడ గులాబీ రంగులో తడితడిగా మెరుస్తున్నది. నాలుగవ దానిలో రూపాయి బిళ్లంత పుండు, అడుగున తెలుపు, అంచున ఎరుపు. బూరెలు నిర్దోషులని డాక్టరమ్మ తేల్చినారు. కడుపులో చేరిన ఒక క్రిమి, రోజంతా నిలబడిన కాళ్ల నొప్పికి నేను మింగిన బిళ్లలు, ఈ రెండూ కలిసి చేసిన పని అది. చిన్న ముక్క గిల్లి పరీక్షకు పంపితే అందులో చెడ్డదేమీ కనబడలేదు. "అయినా ఎనిమిది వారాల మందుల తర్వాత మళ్లీ లోపలికి చూడాల్సిందే. మానని పుండు వెనక ఒక్కోసారి వేరేది దాక్కుని ఉంటుంది" అన్నారు. వేరేది అంటే ఏమిటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

5. ఆ రెండవ పరీక్ష ఖర్చు భరించు అనుమతికై ఫోటోలు జతచేసి తమ విభాగమునకు దరఖాస్తు చేసుకొంటిని. చికిత్స సమయమున తీసిన ఛాయాచిత్రములో లబ్ధిదారుని ముఖము స్పష్టముగా కనబడవలెనను తొమ్మిదవ నిబంధన క్రింద అది తిరిగి వచ్చినది. తమ గుమాస్తా కమలాకర్ నాలుగు ఫోటోలూ తిప్పి తిప్పి చూసి, "అన్నా, గీండ్ల నీ మొహమేది?" అన్నాడు.

"మొహం బయట ఉంటది తమ్మీ, గిది లోపలి ఫోటో."

"గది నాకు తెల్వదా? రూలుకు తెల్వదు. పక్కన నీ పాస్‌పోర్టు ఫోటో అంటించు, నడుస్తది."

అంటించితిని. నడవలేదు. "రెండు ఛాయాచిత్రములలోని వ్యక్తులకు పోలికలు లేవు" అని తమరే స్వహస్తములతో వ్రాసినారు. తమ మాట కాదనలేను, నిజముగానే పోలికలు లేవు. గెజిటెడ్ సంతకమైనా తెద్దామని షేక్‌పేటలో ఒక అధికారిని ఆశ్రయించగా, "నేను చూడని కడుపు మీద ముద్ర ఎట్ల గుద్దాలె?" అన్నారు. అదీ న్యాయమే.

6. ఇది విని నీలమ్మ మండిపడినది. "గుర్తువట్టుడేంది? ముప్పై ఏండ్ల సంది గా కడుపు నింపేది నేను. నేనొచ్చి సాక్షి సంతకం పెడత, ఎవలు కాదంటరో చూస్త" అన్నది. ఆమె తమ కార్యాలయమునకు రాకుండా ఇన్నాళ్లు ఆపుట నాకు మందులకన్నా కష్టమైనదని మనవి.

7. ఇక నిబంధనలకు సంబంధం లేని ఒక్క మాట. మా నాయనకూ ఇట్లాగే కడుపులో మంట ఉండేది. సోడా తాగేవాడు, వాము నమిలేవాడు, ఒకనాడు నెత్తురు కక్కుకుని పోయాడు. లోపల ఏముండెనో ఎవరూ చూడలేదు. నాది చూసే సాధనం ఉంది, చూసే డాక్టరు ఉంది, ఈ నెల పద్దెనిమిదిన పొద్దున ఎనిమిదికి టైము కూడా ఇచ్చారు. తమ ఉత్తరం ఒక్కటే లేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద కలిపి అట్లే వదిలేస్తున్నాను సార్. నాకు భయంగా ఉంది.

కావున పై సంగతులన్నియు దయతో ఆలోచించి, సదరు కడుపు సదరు పోచయ్యదేనని అంగీకరించి, పద్దెనిమిదవ తేదీ లోపల అనుమతి పత్రం ఇప్పించవలసినదిగా వేడుకొనుచు, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మూడవ విస్తరి పోచయ్య

మళ్లీ: సార్, అర్జీ రాసినంక డాక్టరమ్మను మళ్ల కలిసిన. మీ తొమ్మిదో రూలు చెప్తే మస్తు నవ్వింది. ఈపారి గొట్టం నోట్లెకు పోయే ముందు నా మొహం మీద కొంచెంసేపు ఆపుతనన్నది. మొహం కాడికెల్లి కడుపు దాంక ఒకటే షాటు, నడుమ కట్ లేదు. వీడియో మీకే ఇస్త. జర ఉత్తరం ముందుగాలనే ఇయ్యుర్రి. నీలమ్మ అప్పుడే ఇస్త్రీ అంగీ తీసి పెట్టింది. ఇరవై రెండేండ్లల్ల నాకు గిదే మొదటి క్లోజప్ సార్. నవ్వాల్నా, సీదాగ ఉండాల్నా, రూల్ల ఏమున్నదో చెప్పుర్రి, గట్లనే చేస్త.