పడవ పక్క బెంచీ

నవంబరు 3, సోమవారం
సరళ పోయిన తర్వాత మొదటిసారి పార్కుకు వెళ్లాను. నాలుగు రౌండ్లు. ఎదురుగా ఎవరూ రాలేదు.

నవంబరు 4
వాకర్ల సంఘం సత్యం గేటు దగ్గరే పట్టుకున్నాడు. మల్కాపురం నుంచి స్కూటరు మీద ఇంత దూరం వచ్చేది నడవడానికా, కబుర్లకా తెలీదు. మరమ్మతులయ్యాక గేటు పక్కన పార్కు చరిత్ర బోర్డు పెడతారట. నన్ను రాయమన్నాడు. “లెక్కల లెక్చరర్‌వి. నీ దగ్గర మాటలు తక్కువ కదా బావా.”
సరే అన్నాను. ఏదో ఒక పని.

నవంబరు 6
మొదట ఇసుక దిబ్బలు, సరుగుడు తోట. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఇక్కడ వలలు ఆరేసేవారు. ఎండు చేపల వాసన. తర్వాత గోడ, గడ్డి, పిల్లల రైలు, రంగుల ఫౌంటెన్. రైలు షెడ్డులోనే ఉంది. ఫౌంటెన్‌లో నీళ్లు లేవు. తుఫానుకు సరుగుడు చెట్లన్నీ ఒకే వైపుకు పడుకున్నాయి. ఆ తర్వాత నాటిన బాదం చెట్లలో మూడు సరళ నాటినవి. సముద్రం వైపు పాత చెక్క పడవ, పక్కన సిమెంటు బెంచీ.
బాదం చెట్ల మాట కొట్టేశాను. బోర్డు మీద ఇంటి విషయాలెందుకు.

నవంబరు 8
మా పద్ధతి… రాసి ఉంచాలి, మరిచిపోకముందు.
గేటు దగ్గర విడిపోయేవాళ్లం. నేను కుడికి, సరళ ఎడమకు. నా వేగం ఆమెకు కుదరదు. రౌండుకొకసారి పడవ దగ్గర ఎదురుపడేవాళ్లం. మాటల్లేవు. ఎన్నో రౌండో నేను వేళ్లతో చూపించేవాణ్ణి. ఆమె కూడా అన్నే వేళ్లు చూపించేది. నాలుగు వేళ్లు అయ్యాయంటే వెనక్కి తిరిగి నాతో వచ్చేది. అక్కడి నుంచి గేటు దాకా నా మోచెయ్యి పట్టుకునేది.

నవంబరు 10, సోమవారం
కుడి వైపు దారి తవ్వేశారు. ఇన్నేళ్లలో మొదటిసారి ఎడమకు తిరిగాను. పడవ దగ్గర నరసమ్మ ఊడుస్తోంది.
“ఇటేపొచ్చేరేటి బాబూ? అమ్మగోరి బెంచీ సూడ్డానికా?”
ఏ బెంచీ అన్నాను.
చీపురు ఆగిపోయింది. నాకు తెలుసనుకుంది.
“గేటు కాడ్నించి ఇక్కడిదాకానే వొచ్చేవోరు. ఆయాసం. కూకుండిపోయేవోరు. మీరు ఫౌంటేను మలుపు తిరగ్గానే నాను సెప్పేదాన్ని… సారొత్తన్నారమ్మా, లెగండి అని.”
ఎన్నాళ్లుగా అని అడిగాను.
“నిరుడు మామిడికాయల రోజుల కాడ్నించి.”
ఏడాదిన్నర.
ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు. చెప్పులు పార్కు మట్టితోనే మంచం దాకా వచ్చాయి.

నవంబరు 11
వేరు వేరు వేగాలతో ఎదురెదురుగా తిరిగే ఇద్దరు ప్రతి రౌండులోనూ ఒకే చోట కలవరు. ముప్ఫై ఏళ్లు పిల్లల చేత చేయించిన లెక్క.
ప్రతిసారీ పడవ దగ్గరే. ప్రతిసారీ.

నవంబరు 12
ఆగస్టు. సీతమ్మధారలో డాక్టరు. “నడిస్తే ఆయాసం వస్తోందా అమ్మా?” ఆయన అడిగింది ఆమెను. జవాబు చెప్పింది నేను.
“రోజూ నాలుగు రౌండ్లు నడుస్తుంది డాక్టరు గారూ.”
గర్వంగానే అన్నాను. సరళ కొంగు సర్దుకుంది. ఆయన బలానికి మాత్రలు రాశాడు. నెల దాటిందో లేదో —

నవంబరు 13
ఆ మోచెయ్యి. ఇష్టంతో పట్టుకుంటోందనుకున్నాను.

నవంబరు 14
నరసమ్మను మళ్లీ అడిగాను. సరళ ఎందుకు దాచింది?
తనూ చెప్పి చూసిందట, సారుకి తెలియనివ్వమని. సరళ వినలేదట. “నాను కూకుంటే ఆయనా కూకుండిపోతారే, అసలే సుగరు మనిసి, అన్నారు బాబూ.” సరళ నాను అనదు. నరసమ్మ నోట్లో అలా వచ్చింది. అయినా ఆ గొంతు వినబడింది.
అది ఒక్కటే కారణమా అన్నాను. నేను కోప్పడతానని కూడా అందా?
బాదం ఆకులు ఎత్తింది. “నానైనా సెప్పుండాల్సింది” అంది.
నీ తప్పేం లేదు అనాలి. అనలేదు.

నవంబరు 15
సత్యం ఫోను. పడవకు రంగు వేసి ఉంచుతారట. పాత బెంచీలన్నీ తీసేస్తారట. బోర్డుకి రాసింది ఇవ్వమన్నాడు. రేపన్నాను.

నవంబరు 17, సోమవారం
తవ్విన చోట పూడ్చారు. నేను మాత్రం ఎడమకే వెళ్లాను. బెంచీ మీద కూర్చున్నాను. ఒక వైపు అంచు అరిగి నున్నగా ఉంది. ఇక్కడి నుంచి ఫౌంటెన్ మలుపు స్పష్టంగా కనబడుతుంది. మలుపు తిరిగిన మనిషి ఇక్కడికి చేరేలోపు లేచి, కొంగు సర్దుకుని, ఊపిరి అందుకుని, నాలుగడుగులు వేయొచ్చు.
నరసమ్మ దూరంగా ఊడుస్తోంది.
మలుపులో సత్యం కనిపించాడు. లేచాను. నాలుగడుగులు వేశాను.
“ఎన్నో రౌండు బావా?”
మూడు వేళ్లు చూపించాను.
తల ఊపి వెళ్లిపోయాడు. మళ్లీ వెళ్లి కూర్చున్నాను.