రాను ఏడుంపావు, పోను రెండున్నర

ఫిబ్రవరి 3
ఎండ మెత్తగా ఉంది. పొద్దున ఆటో కడిగాను. జమ్మలమడుగుకు సిమెంటు మూటలు. పోను ముప్పావు గంట, రాను ముప్పావు గంట. పులివెందుల రూముకు సున్నం ఒక పూత అయింది. కువైట్ పోయే ముందు నా పెండ్లాం రమణమ్మ చూపించిన సందులోనే ఉంది. ఆమె పెట్టాలనుకున్న దోసెల అంగడికి సరిపోతుంది.

ఫిబ్రవరి 5
రమణమ్మ టికెట్టు ఫోటో పంపింది. నాలుగేళ్ల తర్వాత వస్తోంది. కువైట్‌లో రాత్రి 9.45, బెంగళూరులో తెల్లవారి 5.00. ఏడుంపావు గంటలు. రాసుకున్నాను.

ఫిబ్రవరి 6
ఆ ఫోటో కింద ఇంకో పేజీ ఉంది. నిన్న చూడలేదు. మార్చి 29. బెంగళూరు పొద్దున 6.15, కువైట్ 8.45. రెండున్నర గంటలు.
"వచ్చేస్తాండా, ఇంగ పోను" — పోయిన నెల ఫోన్లో ఆమే అన్న మాట.
రాను ఏడుంపావు, పోను రెండున్నర. దారి ఒకటే కదా...

ఫిబ్రవరి 7
పంక్చరు అంగడి ఖాదర్ మామను అడిగాను. పన్నెండేళ్లు కువైట్‌లో లారీ తోలినాడు. విమానం పోయేటప్పుడు అంత బిరీన ఎట్లా పోతుంది అని మాత్రమే అడిగాను.
"పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు అనుకుంటివా ఏందప్పా? మూడున్నర వేల కిలోమీటర్లు. ఎట్ల పోయినా ఐదు గంటలే. ఆడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ఎనక, అంతే."
లెక్క వేశాను. సరిపోయింది.
"అయినా నీ పెండ్లాం వచ్చేస్తాంటే పోయే లెక్క నీకెందుకు?"
ఊరికే, అన్నాను.

ఫిబ్రవరి 11
రెండో పూత. బల్లలు రెండు. దోసె పెనం.

ఫిబ్రవరి 18
బెంగళూరు. విమానం పావుగంట ముందే దిగింది. చిక్కిపోయింది మనిషి. బస్సులో నా భుజం మీద నిద్ర. చేతి గడియారంలో ఇంకా కువైట్ టైమే. మార్చుకోమన్నాను.
"ఉండనీలే."

ఫిబ్రవరి 24
పులివెందుల రూము చూపించాను. గోడ తడిమి చూసింది. "పెనం శానా చిన్నది" అంది. రెండో పేజీ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

మార్చి 6
ఖాదర్ మామ వచ్చినాడు. "అంగడి ఎప్పుడు తెరుస్తావమ్మా?"
"దోసె నమిలేకి పండ్లు ఉండాయా మామా నీకి?"
నవ్వుకున్నారు. రోజు మాత్రం చెప్పలేదు.

మార్చి 21
కువైట్ నుంచి ఫోన్. ఈమె పనిచేసిన ఇంటి మేడమ్. చాలాసేపు అరబ్బీలో మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క తెలీదు. తర్వాత చెప్పింది — వాళ్ల పాపకు జరమంట. పుట్టినప్పటి నుంచి ఈమె చేతిలోనే. "ఎవురు పెట్టినా తినలేదంట."
రాత్రి ఈమె కూడా సరిగ్గా తినలేదు.

మార్చి 26
జమ్మలమడుగులో పెద్ద పెనం దొరికింది. చిన్నది తిరిగి ఇవ్వలేదు. పెద్దది ఆటోలోనే ఉంది.

మార్చి 27
ఎండ ముదిరింది. పులివెందులకు పోను గంటన్నర, రాను గంటన్నర.

మార్చి 28
ఎండ. గాలి లేదు. బెంగళూరు బస్సు సాయంత్రం ఏడుకు. ఇప్పుడు నాలుగు. కిటికీలో ఆమె గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.
పొద్దునే మినప్పప్పు నానేసింది. ఇప్పుడు రుబ్బుతోంది. ఆ పిండి రేపటికి కదా... పెట్టె కూడా మంచం కింద నుంచి తీసి తుడిచింది. సర్దలేదు.
లోపలి నుంచి అడిగింది, ఆటోలో డీజిల్ ఉందా అని.
యాడికి, అన్నాను.
"ఉందో లేదో చెప్పబ్బా ముందు."
ఉంది. పెద్ద పెనం ఇంకా ఆటోలోనే ఉంది, ముందు దాన్ని దించాలో ఉంచాలో ఆమెనే అడగాలి.