ఫిడేలు అందుకున్న పైస్వరం

మనురేవా,
2006 జూన్ 6.

అమ్మకు ప్రేమజ్యోతి వందనాలు.

దేవుని కృపవల్ల నేను, మీ అల్లుడు ఫ్రెడ్రిక్, జెన్సీ కులాసాగా ఉన్నాం. నువ్వూ నాన్నా మందులు మానకుండా వేసుకుంటున్నారనుకుంటాను. అక్కడ మీకు ఎండలైతే ఇక్కడ చలి ముదిరింది. నువ్వు అల్లి పంపిన స్వెట్టర్ గుచ్చుకుంటోందని అంటూనే జెన్సీ దాన్ని వదలడం లేదు.

"మీ చర్చిలో ఐర్లండ్ ఫిడేలేమిటే?" అని అడిగావు కదా. చర్చిలో పాటలు పాడే మా కాయిర్‌ను నడిపే లోసా ఆంటీ సమోవా దీవుల మనిషి. అమెరికా నల్లవాళ్లు చర్చిల్లో చప్పట్లు కొడుతూ పాడే గాస్పెల్ పాటలన్నా, వాటిలోంచి పుట్టిన సోల్ పాటలన్నా ఆవిడకు ప్రాణం. నేను పనిచేసే వృద్ధుల హోమ్‌లో వంటచేసే డెక్లన్‌ది ఐర్లండ్. వాళ్ల తాతలనాటి పాటలు ఫిడేలు మీద వాయిస్తాడు. పెంతెకొస్తు పండుగ ఆరాధనకు రెండూ కలుపుదామనుకున్నారు. మొదటి ప్రాక్టీసులోనే గొడవ.

"నీ ఫిడేలు మమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వదయ్యా!" అని ఆవిడ.

"మీ చప్పట్లు నా పాటను వెనక్కి లాగుతున్నాయి!" అని డెక్లన్.

అమ్మా, ఇక్కడినుంచి కూర్చుని చదువు. ఫిబ్రవరిలో నా గొంతులో థైరాయిడ్ గడ్డ ఆపరేషన్ చేసి తీశారు. ఫోన్‌లో జలుబని చెప్పింది అబద్ధం. కాన్సరేమోనని వణికిపోయాం. కాదని రిపోర్టు వచ్చింది. కానీ పైస్వరాలు పోయాయి. తిరిగి వస్తాయో రావో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. "అత్తయ్యకు చెప్పేద్దాం" అని మీ అల్లుడు ఎన్నిసార్లన్నా, "మళ్లీ పాడాక చెబుతానండీ" అంటూ వచ్చాను.

కాయిర్‌లో నిలబడి చప్పట్లు మాత్రం కొట్టేదాన్ని. డెక్లన్ అది గమనించాడు. ఒకరోజు తన పాటను బాగా నెమ్మది చేసి, నాకు అందేంత కిందికి దించి వాయించాడు.

"ఇప్పుడు పాడు ప్రేమా. పైకి వెళ్లాల్సిన చోట నేను వెళతాను."

నోరు తెరిస్తే బొంగురు గొంతు వచ్చింది. సిగ్గుతో ఆపబోయాను.

"ఆపకు పిల్లా! సోల్ పాటకు ఆ బొంగురే కావాలి," అని లోసా ఆంటీ అరిచింది.

పాట నెమ్మదించేసరికి కాయిర్‌కు ఊపిరి దొరికింది, చప్పట్లు చోటు చూసుకుని పడ్డాయి. మళ్లీ వాళ్లిద్దరూ పోట్లాడుకోలేదు.

మొన్న ఆదివారం పాడానమ్మా! నా గొంతు ఆగినచోట ఫిడేలు అందుకుంది, వెనకనుంచి కాయిరంతా బదులు పలికింది. దాచినందుకు నన్ను తిట్టు. భయం మాత్రం పడకు.

ఆరాధన అయ్యాక కారు స్టార్ట్ చేయడం కూడా మరిచి నేనూ మీ అల్లుడూ నవ్వుతూ ఏడ్చాం. వెనక సీట్లోంచి జెన్సీ, "మమ్మీ, ఆర్ యూ హ్యాపీ ఆర్ శాడ్?" అంది.

"ఆకలేస్తోందే," అన్నాను. ఎన్ని నెలలకో, నిజంగానే ఆకలి వేసింది.

ఇట్లు,
నీ పెద్దకూతురు,
ప్రేమజ్యోతి