పాలు పొంగే వేళకి పద్దెనిమిది వేలు

సోమందేపల్లె,
ఆదివారం

ప్రేమగల నాజ్‌నీన్ వదినకు,

ప్రసూన రాసేది. మేమంతా బాగున్నాం. చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరమేమిటే అంటావని తెలుసు. మాబాషా అన్న నా ఫోన్ ఎత్తడం మానేశాడు. నీకు చేస్తే స్పీకర్ పెట్టి రొట్టెలు కాల్చుకుంటూ మాట్లాడతావు, ఇంటిల్లిపాదీ వింటారు. ఇది ముందు నువ్వొక్కదానివే చదవాలి.

ఇల్లు బాగుంది వదినా. పొద్దున్నే వంటింటి కిటికీ తీస్తే పెనుకొండ కొండ కనిపిస్తుంది. నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. కంబదూరులో వారానికోసారి బిందెలతో నిలబడ్డ నాకు ఇది పండగే. పదహారేళ్లు అద్దె ఇళ్లలో ఒక మేకు కొట్టాలన్నా ఓనరును అడిగినదాన్ని, మొన్న హాల్లో ఒకేసారి ఏడు మేకులు కొట్టించాను. తగిలించడానికి పటాలు మూడే ఉన్నాయి. మా అత్త నాగలక్ష్మమ్మ మిగతా నాలుగు మేకులూ చూసి రోజూ నవ్వుతుంది.

ఈ పదహారేళ్లలో మూడిళ్లు మారాం, మూడుసార్లూ అన్న బండిలోనే. మొదటిసారి బాడుగకు వచ్చినవాడు, అప్పటినుంచి నాకు అన్నే అయ్యాడు. నాలుగోసారి, అదీ సొంతింటికి వచ్చేటప్పుడు, అన్నకు ఒక్క మాట చెప్పకుండా అనంతపురం నుంచి సామాన్లు మార్చే కంపెనీని పిలిచాను. టీవీ పగులుతుందని మా ఆయన చైతన్య భయపడ్డాడని అందరితో అన్నాను. అది అబద్ధం. చైతన్య అయితే అన్న బండే చాలన్నాడు. యూనిఫాం వేసుకున్న మనుషులు అట్టపెట్టెలు దింపుతుంటే కొత్త వీధివాళ్లు చూడాలని నాకే బుద్ధి పుట్టింది. తాళ్లు కట్టిన ట్రాలీ, దాని మీద బోర్లించిన మంచం, అలా దిగడం నామోషీ అనిపించింది. ఆ రోజు అన్న వేరే బాడుగ ఒప్పుకోకుండా, బండి కడిగి నిమ్మకాయ కట్టుకుని ఎదురుచూశాడట. మీ పక్కింటి ఓబమ్మ తర్వాత చెప్పింది. అప్పటినుంచి తిన్నది ఒంటికి పట్టడం లేదు.

నా నామోషీకి దక్కిన ఫలం కూడా విను. పద్నాలుగు వేలకు మాట్లాడుకున్నాం. ఎన్ని గంటలకు చేరాలని వాళ్లు అడిగితే, పొద్దున అంటే సరిపోయేది. తొమ్మిది నలభైలోపు కొత్తింట్లో పాలు పొంగాలి, ఆలస్యమైతే ముహూర్తం దాటిపోతుందని గొప్పగా చెప్పాను. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టయింది. ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. ఇల్లు మారిన ప్రతిసారీ అన్న పొయ్యి, పాలగిన్నె, దేవుడి పటం గంపలో పెట్టి, "ఇది నీ ఒళ్లోనే ఉండల్ల పాపా" అని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టేవాడు. ఈసారి వాళ్లు ముచ్చటగా చుడుతుంటే అన్నీ లారీలోకే ఎక్కించేశాను.

మేం ముందు వచ్చి తోరణం కట్టుకుని, ఆవుపాలు పెట్టుకుని కూర్చున్నాం. లారీ ఊరి బయటే, హైవే మీద టీకొట్టు దగ్గర ఆగిపోయింది. సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

"సామాను మేం రాసుకున్నదానికన్నా ఎక్కువుండాది మేడం. ఇంకా పద్దెనిమిది వేలు ఏస్తేనే బండి కదిలేది."

"ఏమప్పా, ఎక్కించేటప్పుడు కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని చైతన్య నా ఫోన్ లాక్కుని, అత్తకు వినబడకుండా వీధి చివరికి పోయి అరిచాడు.

"ముహూర్తం మీది సార్. మాకేం తొందరలేదు."

పక్కింటి ఎలిజబెత్ పాపం తన స్టవ్ మోసుకొచ్చింది. మా అత్త ఒప్పుకోలేదు. "అడిగి తెచ్చిన పొయ్యి మీద తొలిపాలా? ఇంగ బతుకంతా అడుక్కోవల్ల" అంది. ఆమె ముఖం చూసి తొమ్మిదిం పావుకు డబ్బు పంపించాను. తొమ్మిది ముప్పై ఎనిమిదికి పాలు పొంగాయి. నేను ఏడిస్తే సంతోషం పట్టలేక అనుకున్నారు. అత్తకు ఇప్పటికీ పద్నాలుగు వేలనే తెలుసు.

పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు కాగితం రాసిచ్చాం. డబ్బు వస్తే వస్తుంది, పోతే పోతుంది. అన్న పోకూడదు వదినా. నాకు అన్న ముఖం చూసే ధైర్యం లేదు. నువ్వే ఎలాగో చెప్పు. వచ్చే ఆదివారం మీరిద్దరూ వచ్చి ఇక్కడ అన్నం తినాలి. లేకపోతే ఇది నాకు ఇల్లనిపించదు.

నీ ఆడబిడ్డ,
ప్రసూన


కంబదూరు,
గురువారం

మా ప్రసూనకు,

నువ్వూ, చైతన్య, మీ అత్త చల్లగా ఉండాలి. నన్నొక్కదాన్నే చదవమన్నావు. రెండుసార్లు అలాగే చదివాను. మూడోసారి మీ అన్నను కూర్చోబెట్టి గట్టిగా చదివాను. తిట్టుకుంటే తిట్టుకో.

పద్దెనిమిది వేల దగ్గర "వాని టైర్లు పగలా" అన్నాడు. నామోషీ మాట దగ్గర ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు.

"అంతేనా? ఆయమ్మ నా మీద కోపంతో కాదా కంపెనీని పిలిచింది?"

"నీ మీద కోపమెందుకు?"

"టైరు సంగతి తెలిసిపోయిందనుకుంటి" అన్నాడు.

ప్రసూనా, ఆ సంగతి నాకూ అప్పుడే, నీ ఉత్తరం చదువుతుంటేనే తెలిసింది. మీరు కళ్యాణదుర్గం నుంచి కంబదూరుకు వచ్చినప్పుడు, దారిలో టైరు పోయిందని నీ దగ్గర రెండు వేలు ఎక్కువ తీసుకున్నాడు. టైరు పోలేదు. అప్పుడు మా పాప నూర్జాన్ జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. అడిగితే నువ్వు ఇచ్చేదానివే. అడగడానికి నోరు రాక అబద్ధమాడాడు. నువ్వేమో "అయ్యో, ఎండలో ఎంత కష్టపడినావన్నా" అని మజ్జిగ కలిపిచ్చావట. నీ ఫోన్ మోగినప్పుడల్లా ఆ మజ్జిగే గుర్తొస్తోందట. ఏ మొగం పెట్టుకుని ఎత్తేది అంటున్నాడు. నువ్వక్కడ భయపడుతూ, ఈయనిక్కడ భయపడుతూ ఇన్ని రోజులు గడిపారు. మీకు బుద్ధి చెప్పేవాళ్లు లేరు.

మరి ఆ రోజు బండి ఎందుకు కడిగావని అడిగాను.

"సొంతిల్లు కట్టుకున్న్యారు. ఇంగ ఆయమ్మకు సామాను కట్టే పనే ఉండదు. ఈ ఒక్క ట్రిప్పన్నా దుడ్లు తీసుకోకుండా తోలుదామనుకుంటి" అన్నాడు.

రెండు వేలు కవర్లో పెట్టాడు. తీసుకో, వద్దనవద్దు. ఆదివారం పొద్దున బయల్దేరతాం. బండి తీస్తావా అని అడిగితే వద్దన్నాడు.

"ఇన్నేండ్లూ సామాను దింపేసి, చేతులు కడుక్కుని వాకిట్లోనుంచే వచ్చేస్తాంటి. ఈసారి బస్సులో పోదాం. చుట్టాలం గదా."

నీ వదిన,
నాజ్‌నీన్